మాయా డెరెన్: చూసినవాళ్లంతా అడిగే ప్రశ్నలు

నెలకోసారి ఒక మిత్రుడి మేడ మీద గదిలో పది పన్నెండు మందిమి చేరి సినిమాలు చూస్తుంటాం. 1940ల్లో అమెరికాలో ప్రయోగాత్మకమైన చిన్న సినిమాలు తీసిన దర్శకురాలు మాయా డెరెన్. ఆమె సినిమా వేసిన ప్రతిసారీ, లైటు వేయగానే అవే ప్రశ్నలు. కొందరు ఆ రాత్రే ఫోన్ చేస్తారు, కొందరికి రెండు నెలల తర్వాత గుర్తొస్తుంది. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క మర్చిపోతున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. వరుసగా చదవక్కర్లేదు.

## సినిమాలకి ముందు

మాయా అంటే మన మాయేనా? ఇండియన్ ఏమైనానా?

పేరు మన మాయే, మనిషి మాత్రం ఇండియన్ కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎలియనోరా. 1943లో, మొదటి సినిమా తీసిన రోజుల్లో, భర్త అలెగ్జాండర్ హామిద్ ఈ పేరు ఎంచి పెట్టాడు. లేనిది ఉన్నట్టు చూపించేది మాయ అన్న అర్థం తెలిసే పెట్టాడు. సినిమా తీసేవాళ్లకి అంతకన్నా సరిపోయే పేరు ఇంకేముంటుంది? ఇక డెరెన్ అంటారా, అది డెరెన్‌కోవ్‌స్కీ అనే ఇంటిపేరుని అమెరికా వచ్చాక కురచ చేసుకున్నది.

ఎక్కడ పుట్టింది? సినిమా కుటుంబమా?

1917 ఏప్రిల్ 29న కీవ్‌లో ఒక యూదుల ఇంట్లో పుట్టింది. తండ్రి మానసిక వైద్యుడు. అక్కడ యూదుల మీద ఊచకోతలు సాగుతున్న కాలంలో ఇల్లూ వాకిలీ వదిలి 1922లో అమెరికా చేరారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో స్థిరపడ్డారు. అప్పటికి ఆమెకి ఐదేళ్లు. సినిమాతో ఆ ఇంటికి ఏ సంబంధమూ లేదు.

ఫిల్మ్ స్కూల్లో చదివిందా?

లేదు. పదహారేళ్లకే సిరక్యూజ్ యూనివర్సిటీలో జర్నలిజం చదవడానికి చేరింది. పద్దెనిమిదేళ్లకి పెళ్లి చేసుకుని న్యూయార్క్ వచ్చి సోషలిస్టు యువజన సంఘంలో తిరిగింది. ఆ పెళ్లి నిలవలేదు. 1939లో స్మిత్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పూర్తి చేసింది. ఫ్రెంచి ప్రతీకవాద కవుల ప్రభావం ఇంగ్లీషు కవిత్వం మీద ఎలా పడిందన్నది ఆమె థీసిస్.

ఈ థీసిస్ సంగతి చాలామంది ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకు మాత్రం అసలు తాళం ఇక్కడే ఉందనిపిస్తుంది. తనకి ఆలోచనలు బొమ్మల్లో వస్తాయనీ, వాటిని మాటల్లోకి మార్చాల్సి రావడం వల్లే మంచి కవి కాలేకపోయాననీ ఆమే చెప్పుకుంది. కెమెరా చేతికొచ్చాక ఆ తర్జుమా అక్కర్లేకపోయింది.

డాన్సర్ అని కొందరు, డైరెక్టర్ అని కొందరు అంటున్నారు. ఏది నిజం?

డాన్సు మీద ప్రాణం ఉన్న డైరెక్టర్ అంటే సరిపోతుంది. 1941లో కాథరిన్ డనమ్ అనే నల్లజాతి నృత్యకారిణి దగ్గర సెక్రటరీగా చేరింది. డనమ్ మానవశాస్త్రం చదివి, కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం వెళ్లి అక్కడి నాట్యాల మీద పరిశోధన చేసిన మనిషి. ఆ బృందంతో ఊళ్లు తిరుగుతూనే డెరెన్ లాస్ ఏంజెలెస్ చేరింది. వృత్తిగా నాట్యం చేయలేదు గానీ, తన సినిమాల్లో తను నడిచే నడక చూడండి, ఒక్క అడుగు కూడా ఊరికే పడదు.

## మొదటి సినిమా

'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్' కథేంటి? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

జరిగేది చెప్తాను, అర్థం మీరే చూసుకోండి. ఒకామె రోడ్డు మీద పువ్వు తీసుకుని ఇంటికొస్తుంది. తాళంచెవి చేజారి మెట్ల మీద దొర్లుతుంది. లోపల టేబుల్ మీద రొట్టె, అందులో కత్తి. ఫోన్ రిసీవర్ పక్కన పడి ఉంటుంది. ఆమె కిటికీ పక్క కుర్చీలో నిద్రపోతుంది. ఇక్కణ్ణుంచి అదే రాక మళ్లీ మళ్లీ జరుగుతుంది. ముఖం ఉండాల్సిన చోట అద్దం ఉన్న నల్ల ముసుగు మనిషి ముందు నడుస్తుంటే, వెనక ఈమె పరిగెత్తినా అందుకోలేదు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకో 'ఆమె' తోడవుతుంది. చివరికి ముగ్గురూ ఒకే టేబుల్ చుట్టూ కూర్చుంటారు. తాళంచెవి కత్తి అవుతుంది.

కళ్లార్పకుండా చూడాల్సింది ఒకటుంది. ముగ్గురిలో ఒకామె కత్తి పట్టుకుని లేచి, నిద్రపోతున్న ఆమె వైపు నడుస్తుంది. గదిలో నాలుగు అడుగుల దూరం. మొదటి అడుగు సముద్రపు ఇసుకలో పడుతుంది, రెండోది గడ్డిలో, మూడోది సిమెంటు బాట మీద, నాలుగోది ఇంట్లో తివాచీ మీద. కొన్ని సెకన్లంతే. మన లోపల ఉన్న మనిషి మన మీదికి రావాలంటే ఎంత దూరం నడవాలో ఆ నాలుగు అడుగుల్లో చూపించింది. నేను ఈ సినిమా మళ్లీ మళ్లీ వేసేది ఈ ఒక్క చోటు కోసమే.

అసలు ఆ సినిమా భర్త తీసిందట కదా?

ఇద్దరూ కలిసి తీశారు, టైటిల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హామిద్ చెక్ దేశస్థుడు. ఆమెని కలిసేనాటికే చేయి తిరిగిన కెమెరామన్, నాజీల వల్ల దేశం వదిలి వచ్చినవాడు. అతని పనితనం ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. కానీ శరీరం ఒక చోటు నుంచి ఇంకో చోటుకి ఒక్క కట్‌లో దూకడం, కాలాన్ని సాగదీయడం, ఇవి డెరెన్ ఆ తర్వాత అతను లేకుండా తీసిన సినిమాల్లోనూ కొనసాగి ముదిరాయి. అతను తర్వాత డాక్యుమెంటరీల వైపు వెళ్లాడు. ఎవరి సినిమా అన్న పంచాయితీ నన్నడిగితే అనవసరం.

ఎంత ఖర్చు పెట్టారు?

దాదాపు 275 డాలర్లు. తండ్రి పోయాక చేతికొచ్చిన కొద్ది డబ్బులోంచి ఒక పాత 16 ఎం.ఎం. బోలెక్స్ కెమెరా కొంది. తాము అద్దెకున్న ఇల్లే సెట్టు, తామిద్దరే నటీనటులు. బోలెక్స్‌కి కరెంటు అక్కర్లేదు, గడియారానికి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి. ఒకసారి తిప్పితే అర నిమిషం లోపే ఆగిపోతుంది. అంటే అంతకన్నా పొడుగు షాట్ తీద్దామన్నా కుదరదు. హాలీవుడ్‌లో లిప్‌స్టిక్‌కి అయ్యే ఖర్చుతో నేను సినిమాలు తీస్తానని ఆమె అంటుండేది.

సౌండ్ రావట్లేదు. మా ఫైల్ పాడైందా?

పాడవలేదు, ఆమె సినిమాల్లో చాలావరకు మూగవే. మా దగ్గర మొదటిసారి వేసినప్పుడు ఒకాయన లేచి వెళ్లి స్పీకర్ వైరు పీకి మళ్లీ పెట్టి, టీవీ వెనక్కి కూడా తొంగిచూసొచ్చాడు. సినిమా సగం అయిపోయింది.

'మెషెస్' కూడా 1943లో శబ్దం లేకుండానే వచ్చింది. ఇప్పుడు వినిపించే డప్పు, వేణువుల సంగీతం టైజీ ఇటో అనే సంగీతకారుడు 1959లో కూర్చింది. 'ఎట్ లాండ్', 'ఎ స్టడీ ఇన్ కోరియోగ్రఫీ ఫర్ కెమెరా', 'రిచువల్ ఇన్ ట్రాన్స్‌ఫిగర్డ్ టైమ్' మూడూ పూర్తిగా నిశ్శబ్దం. వీటికి ఎవరైనా సంగీతం అతికించిన కాపీ దొరికితే దయచేసి మ్యూట్‌లో పెట్టండి. లయ బొమ్మలోనే ఉంది, దాని మీద ఇంకో తాళం వేస్తే రెండూ చెడతాయి.

ఇది సర్రియలిజం అనొచ్చా?

కలల్లాంటి బొమ్మలతో అంతర్మనసుని బయటపెట్టే కళోద్యమం సర్రియలిజం. ఇది అదే అంటే ఆమెకి కోపం వచ్చేది. మనసు అడుగున ఉన్నదాన్ని ఎలా వస్తే అలా వెళ్లబోయడం ఆమె పద్ధతి కాదు. ప్రతి షాటూ కాగితం మీద లెక్క వేసుకుని తీసేది. కత్తి అంటే ఫలానా, తాళంచెవి అంటే ఫలానా అని ఫ్రాయిడ్ నిఘంటువు తీసే విమర్శకులన్నా పడేది కాదు. ఒక వస్తువుకి అర్థం ఆ సినిమాలో అది చేసే పని వల్లే రావాలని ఆమె వాదన. సర్రియలిస్టులతో పరిచయాలు లేవని కాదు. 1943లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్‌తో 'విచెస్ క్రేడిల్' అని ఒకటి మొదలుపెట్టింది కూడా, అది పూర్తి కాలేదు.

## 1944 నుంచి 1948 దాకా

మూడు నిమిషాల డాన్సు ముక్కలో అంత గొప్పేముంది?

'ఎ స్టడీ ఇన్ కోరియోగ్రఫీ ఫర్ కెమెరా' (1945) గురించి అడుగుతున్నారు. నాట్యం చేసింది టాలీ బీటీ. మామూలుగా డాన్సుని సినిమా తీయడమంటే స్టేజీ ముందు కెమెరా నిలబెట్టడం. ఇక్కడ కెమెరా లేకపోతే ఆ నాట్యమే లేదు.

మొదట అడవిలో చెట్ల మధ్య కెమెరా మెల్లగా పక్కకి తిరుగుతుంది. బీటీ కనిపిస్తాడు. కెమెరా అతన్ని దాటి ముందుకెళ్తే అక్కడ మళ్లీ బీటీ. ఇంకా ముందుకెళ్తే మళ్లీ అతనే. తర్వాత అడవిలో కాలు పైకెత్తుతాడు, ఆ కాలు ఒక ఇంట్లో గది నేల మీద దిగుతుంది. కాలు ఎత్తడం, దించడం ఒకే కదలిక. మధ్యలో ఊరు మారిపోయింది. ఆ తర్వాత ఒక మ్యూజియం హాల్లోకి వెళ్తాడు. అనేక తలల విగ్రహం ముందు గిరగిరా తిరుగుతాడు, ఆ తిరుగుడు మెల్లగా మొదలై అంతకంతకీ జోరందుకుంటుంది. ఆఖరున గాల్లోకి ఒక గంతు. మనిషి ఎవరైనా గాల్లో సెకను కన్నా ఎక్కువ ఉండలేడు, ఇతను దాదాపు అర నిమిషం ఉంటాడు. పైకి లేచే షాట్లు, తేలే షాట్లు, దిగే షాట్లు విడివిడిగా తీసి అతుకు కనపడకుండా కూర్చింది.

టైటిల్లో దర్శకత్వం అని వేసుకోకుండా ఇద్దరి పేర్లూ పక్కపక్కన పెట్టింది. అది నాకు చాలా నచ్చుతుంది.

'ఎట్ లాండ్'లో ఆమె టేబుల్ మీద ఎందుకు పాకుతుంది?

కెరటాలు వెనక్కి వెళ్తుంటే ఒడ్డున పడి ఉన్న స్త్రీ ఎండిన దుంగ పట్టుకుని పైకెక్కుతుంది. తల పైకి వచ్చేసరికి అది పొడుగాటి విందు బల్ల. ఆమె దాని మీద పాకుతూ పోతున్నా అటూ ఇటూ కూర్చున్నవాళ్లకి ఆమె కనపడదు. సిగరెట్లు, కబుర్లు వాళ్లవి వాళ్లకే. బల్ల చివర చదరంగం. అక్కడి నుంచి జారిపోయిన ఒక పావు వెనకాల మిగతా సినిమా అంతా పరుగు. 1944లో లాంగ్ ఐలాండ్‌లోని అమగాన్సెట్ తీరంలో తీశారు, కెమెరా హెల్లా హేమన్. సంగీతకారుడు జాన్ కేజ్ కూడా కాసేపు కనిపిస్తాడు. ఎందుకు పాకుతుందంటే, పార్టీకి పిలిచి ఎవరూ పలకరించని అనుభవం మీకుంటే చెప్పక్కర్లేదు.

రివర్స్, స్లో మోషన్, మాయమవడం... ఇవన్నీ మన పౌరాణికాల్లో లేవా?

ఉన్నాయి. కెమెరా ఆపి, అందర్నీ కదలొద్దని చెప్పి, ఒకరిని పక్కకి పంపి మళ్లీ తిప్పితే మాయమైపోతారు. పనిముట్టు అదే. తేడా దేనికి వాడారన్నదాంట్లో ఉంది. పౌరాణికంలో మాయ చేసేది పాత్ర: ఘటోత్కచుడో నారదుడో. డెరెన్ సినిమాలో మాయ చేసే పాత్ర ఎవరూ ఉండరు. కాలమే అలా నడుస్తుంది. 'మెడిటేషన్ ఆన్ వయొలెన్స్' (1948)లో చావో లీ చీ అనే యువకుడు చైనా యుద్ధకళ సాధన చేస్తుంటాడు. సగం దాటాక సినిమా మొత్తం వెనక్కి తిరుగుతుంది, చాలామంది అది గమనించను కూడా గమనించరు. ఆ కదలికలు అంత సమతూకంగా ఉన్నాయన్నమాట.

కథ లేకుండా సినిమా ఎందుకు తీయాలి?

ఆమె దగ్గర దీనికి ఒక లెక్క ఉంది. 1953లో న్యూయార్క్‌లో కవిత్వం, సినిమా అన్న చర్చాగోష్ఠి జరిగింది. వేదిక మీద కవి డిలన్ థామస్, నాటకకర్త ఆర్థర్ మిల్లర్ కూడా ఉన్నారు. కథ అడ్డంగా సాగుతుంది, ఒక సంఘటన నుంచి ఇంకోదానికి. కవిత్వం నిలువుగా దిగుతుంది, ఒక్క క్షణంలోకి లోతుగా, అని ఆమె చెప్పింది. పక్కనున్న మగాళ్లు ఎగతాళి చేశారు, సభ నవ్వింది.

మన నాటకాలు చూసినవాళ్లకి ఇది ఎగతాళిగా అనిపించదు. కృష్ణరాయబారంలో పద్యం ఎత్తుకున్నాక కథ ముందుకి కదుల్తుందా? యుద్ధం, సంధి అన్నీ అక్కడే ఆగిపోతాయి. నటుడు ఒక్క పాదం పట్టుకుని రాగం తీస్తుంటాడు, జనం వన్స్ మోర్ అంటారు. డెరెన్ చెప్పిన నిలువు అదే. ఆమె సినిమాలో అడ్డం తీసేసి పద్యం ఒక్కటే ఉంచింది, అంతే.

పిల్లి సినిమా కూడా ఆమెదేనా?

'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ఎ క్యాట్' హామిద్, డెరెన్ తమ ఇంట్లో తమ పిల్లుల మీదే తీసింది. పని ఎక్కువ హామిద్‌ది. పిల్లి కంటి ఎత్తులో కెమెరా పెట్టి, ఈనడం దగ్గర్నుంచి పిల్లలు నడవడం దాకా చూపిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీంతోనే మొదలుపెట్టండి.

## డబ్బు, జనం

ఈ సినిమాలు థియేటర్లో ఆడాయా?

ఎవరూ ఆడించరని తెలుసు కాబట్టి తనే ఆడించుకుంది. 1946 ఫిబ్రవరిలో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అనే నాటకశాల అద్దెకి తీసుకుని మూడు సినిమాలు వేసింది. ప్రదర్శనకి పెట్టిన పేరు 'వదిలేసిన మూడు సినిమాలు'. ఏ రచనా పూర్తి కాదు, ఎక్కడో వదిలేస్తామంతే అన్న ఫ్రెంచి కవి పాల్ వలేరీ మాటలోంచి తీసుకుంది. హాలు నిండిపోయింది. అక్కడ చూసి ఉత్సాహం తెచ్చుకున్న ఏమోస్ వోగెల్ మరుసటి ఏడాది సినిమా 16 అనే ఫిల్మ్ సొసైటీ పెట్టాడు, అది 1963 దాకా నడిచింది.

ఇల్లు ఎలా గడిచేది?

కష్టంగానే. మోర్టన్ స్ట్రీట్‌లోని తన ఫ్లాటునే ఆఫీసు చేసుకుని ప్రింట్లు కాలేజీలకి, మ్యూజియంలకి, ఫిల్మ్ సొసైటీలకి అద్దెకిచ్చేది. కరపత్రం తనే రాసి, ప్రింటు పోస్టులో పంపి, పిలిస్తే వెళ్లి ఉపన్యాసం కూడా ఇచ్చేది. నిర్మాత, పంపిణీదారు, పబ్లిసిటీ అన్నీ ఒక్కరే. 1955లో ఇతర ప్రయోగాత్మక దర్శకులకి సాయం చేయడానికి క్రియేటివ్ ఫిల్మ్ ఫౌండేషన్ పెట్టింది. తనకే నెల గడవని రోజుల్లో ఇంకొకళ్ల కోసం అర్జీలు రాస్తూ కూర్చోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అవార్డులేమైనా వచ్చాయా?

1946లో కళాకారులకి, పరిశోధకులకి డబ్బు సాయం చేసే గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్, 1947లో కాన్స్ చిత్రోత్సవంలో 16 ఎం.ఎం. ప్రయోగాత్మక విభాగంలో అంతర్జాతీయ బహుమతి. 1990లో 'మెషెస్'ని భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు, అప్పటికి ఆమె పోయి దాదాపు ముప్ఫై ఏళ్లు.

## హైతీ

హైతీ వెళ్లి సినిమా పూర్తి చేయకుండా ఎందుకొచ్చింది?

గుగ్గెన్‌హైమ్ డబ్బుతో 1947లో అక్కడి నాట్యాల మీద సినిమా తీద్దామని వెళ్లింది. తర్వాత కొన్నేళ్లలో మళ్లీ మళ్లీ వెళ్తూ 18,000 అడుగులకి పైగా ఫిల్ము తీసింది. అంటే మామూలు వేగంలో ఎనిమిది గంటల పైచిలుకు. కానీ ఆ నాట్యాన్ని పూజలోంచి విడదీయలేమని అక్కడున్న కొద్దీ అర్థమైంది. అడవిలో ఎత్తిన కాలుని ఒక్క కట్‌తో గదిలో దించిన డెరెన్, ఇక్కడ కత్తిరించడానికి చేయి రాక ఆగిపోయింది. దానికి బదులు 1953లో 'డివైన్ హార్స్‌మెన్' (దైవ రౌతులు) అనే పుస్తకం రాసింది. వాస్తవాన్ని నా ఇష్టం వచ్చినట్టు మలుచుకుందామని కళాకారిణిగా వెళ్లాను, చివరికి దాన్ని ఉన్నదున్నట్టు అణకువగా నమోదు చేయాల్సి వచ్చింది అన్న అర్థంలో ముందుమాటలో ఒప్పుకుంది. ఓటమిని ఇంత నిజాయితీగా రాసుకున్న సినిమావాళ్లు తక్కువ.

ఊడూ అంటే చేతబడి కదా?

అది హాలీవుడ్ అంటించిన బురద. హైతీలో ఊడూ అనేది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం కాపాడుకున్న మతం. దాంట్లో దేవతలున్నారు, పితృదేవతలున్నారు, పూజావిధానం ఉంది. దేవత భక్తుడి మీదికి వచ్చినప్పుడు అతను గుర్రం, దేవత రౌతు అంటారు. పుస్తకం పేరు అక్కణ్ణుంచే వచ్చింది. బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే మనిషిని చూసినవాళ్లకి, జాతరలో పూనకం చూసినవాళ్లకి ఇందులో భయపడాల్సింది ఏమీ ఉండదు. డెరెన్‌కి కూడా పూనకం వచ్చింది. ప్రేమదేవత ఎర్జులీ తన మీదికి రావడాన్ని పుస్తకం చివరి అధ్యాయంలో రాసింది. కాలు నేలకి అతుక్కుపోవడం, తల్లోకి తెల్లటి చీకటి ఎక్కడం లాంటివి చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

## చివరి ఏళ్లు, ఆ తర్వాత

తర్వాత సినిమాలు ఎందుకు తగ్గిపోయాయి?

డబ్బు, హైతీ, ఆరోగ్యం. పూర్తయిన ఆఖరి సినిమా 'ది వెరీ ఐ ఆఫ్ నైట్'. నెగెటివ్‌లోనే చూపించడం వల్ల నర్తకులు నల్లటి ఆకాశంలో తెల్లటి నక్షత్రాల్లా తేలుతుంటారు. 1950ల మొదట్లో షూటింగ్ అయినా న్యూయార్క్ జనం చూడటానికి 1959 దాకా పట్టింది. నాకు ఇది కొంచెం చల్లగా అనిపిస్తుంది. పాదం ఆనడానికి నేలంటూ లేదు.

శాపం తగిలి చనిపోయిందంటారు. నిజమా?

కాదు. 1961 అక్టోబర్ 13న మెదడులో రక్తస్రావంతో న్యూయార్క్‌లో చనిపోయింది, నలభై నాలుగేళ్లకే. సరైన తిండి లేకపోవడం, డాక్టరు రాసిచ్చిన ఉత్తేజకాలు ఏళ్ల తరబడి వాడటం ఒంటిని గుల్ల చేశాయి. శాపం కబురు ఊడూ మీదున్న భయంలోంచి పుట్టింది. అప్పటి భర్త టైజీ ఇటో ఆమె చితాభస్మాన్ని జపాన్‌లో ఫ్యూజీ పర్వతం దగ్గర చల్లాడు.

'డివైన్ హార్స్‌మెన్' అని డాక్యుమెంటరీ చూశాను. అది ఆమె తీసిందేనా?

బొమ్మలు ఆమెవి, కూర్పు ఆమెది కాదు. ఆమె పోయాక చాలా ఏళ్లకి టైజీ ఇటో, అతని తర్వాతి భార్య షెరెల్ ఇటో ఆ ఫిల్ములోంచి ముక్కలు ఏరి, పుస్తకంలోని మాటలు వ్యాఖ్యానంగా పెట్టి తయారుచేశారు. బొమ్మల కోసం చూడొచ్చు. ఆమె వదిలేసిన కారణం తెలిశాక మాత్రం ఆ వ్యాఖ్యానం వింటుంటే కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మా వాడు ఫోన్‌తో షార్ట్ ఫిలింలు తీస్తున్నాడు. వాడికి పనికొస్తుందా?

చాలా. అమెచ్యూర్ అన్న మాటకి మూలంలో ప్రేమించేవాడు అని అర్థం అంటూ ఆమె ఒక వ్యాసమే రాసింది. పెద్ద కంపెనీలకి లేనిది మీకుంది, అది స్వేచ్ఛ. ట్రైపాడ్లూ లైట్లూ లేవని ఏడవొద్దు, కదిలే మీ ఒళ్లే మీ అసలు సామాను అని దాని సారాంశం. ఒక పని ఇవ్వండి వాడికి: ఎవరైనా వంటింట్లో ఎత్తిన కాలు మేడ మీద దించేలా రెండు షాట్లు తీసి కలపమనండి. ఎత్తు, వేగం, దిశ కలవకపోతే కుదరదు. మా మేనల్లుడు పదకొండుసార్లు తీశాడు, తొమ్మిదోది బాగా వచ్చింది.

ఏది ముందు చూడాలి?

'ఎ స్టడీ ఇన్ కోరియోగ్రఫీ ఫర్ కెమెరా', మూడు నిమిషాలే కాబట్టి వరుసగా రెండుసార్లు. తర్వాత 'మెషెస్' పద్నాలుగు నిమిషాలు, ఆ తర్వాత 'ఎట్ లాండ్' పదిహేను. అన్నీ కలిపి ముప్పావు గంట దాటదు. లైట్లు ఆర్పేయండి, ఫ్యాను చప్పుడు ఎక్కువుంటే అదీ తగ్గించండి.